అరవై తిప్పులు

నేను మిత్రదళంలో చేరింది దేశభక్తి పొంగిపొర్లి అనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. చేరింది అక్క కోసం. ఇంకా నిజం చెప్పాలంటే, అక్క పేరు చెప్పి అమ్మని బుట్టలో వేసుకోవడం కోసం.

మిత్రదళం అంటే మా కాలేజీలో విద్యార్థులు నడిపే సంఘం. ఎక్కడో మంచులో కాపలా కాసే సైనికులకు చలికాలం పార్శిళ్ళు కట్టి పంపడం, ఇంటి దగ్గరున్న వాళ్ళ కుటుంబాలకు దరఖాస్తులు నింపిపెట్టడం, సైనికులు వెళ్ళే రైలు మన స్టేషన్లో ఆగితే టీ అందించడం వాళ్ళ పనులు. "చలికాలం పార్శిళ్ళకు కొత్తవారు కావలెను" అని నోటీసు బోర్డు మీద చూడగానే నా బుర్రలో ఒక ఎత్తు తయారైంది. అక్క సైన్యంలో చేరి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలలూ అమ్మ దానితో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఒక పార్శిల్లో అమ్మ చేత్తో చేసిందేదో ఒకటి పడేసి, "అమ్మే పంపింది" అని ఒక చిన్న అబద్ధం రాసేస్తే ఇద్దరూ కలిసిపోతారని నా లెక్క.

దళం గది కెమిస్ట్రీ ల్యాబ్ వెనక ఉండేది. సగం గది అట్టపెట్టెలు, మిగతా సగం గమ్ము వాసన. బల్ల వెనక మూడో సంవత్సరం అమ్మాయి కూర్చుంది. మనిషి నా భుజం దాటదు గానీ, కాలేజీ అంతా ఆమెని జనరల్ అనే పిలిచేది. ప్రిన్సిపాల్ గారు కూడా.

"ఎందుకు చేరాలనుకుంటున్నావ్?"

"సేవ చెయ్యాలని."

"అందరూ అదే చెప్తారు. అసలుది చెప్పు."

నా నోట్లో నువ్వుగింజ నానదు. అక్క సంగతి, అమ్మ సంగతి, నా ఎత్తు, అన్నీ వరసపెట్టి కక్కేశాను. జనరల్ శ్రద్ధగా విని, పెన్ను మూత పెట్టింది.

"మన మొదటి నియమం ఏంటో తెలుసా? సొంతవాళ్ళకి పార్శిల్ కట్టకూడదు. ఏ పెట్టె ఎక్కడికి పోతోందో అడక్కూడదు. అలా కాకపోతే ఇక్కడ తమవాళ్ళున్నవాళ్ళకి పది పెట్టెలు, ఎవరూ లేనివాళ్ళకి సున్నా. ఇప్పుడు చెప్పు, చేరతావా, పోతావా?"

నా ఎత్తు అక్కడే చిత్తయిపోయింది. లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ గదిలో ఇంకో ఆరుగురు పెట్టెలకి టేపు అంటించడం మానేసి నావైపే చూస్తున్నారు. "చేరతాను" అన్నాను. ఆ క్షణంలో నాతో ఆ మాట అనిపించింది సేవా కాదు, అక్కా కాదు. వట్టి నామోషీ.

కొత్తగా చేరినవాళ్ళని ఆరువారాలపాటు పచ్చికాయలు అనేవారు. ఆరువారాలూ దండచేతికి ఆకుపచ్చ పట్టీ కట్టుకుని తిరగాలి. చెప్పిన పని చేస్తే ఆఖర్న పండినట్టు లెక్క, బ్యాడ్జీ ఇస్తారు. మొదటి రోజే పట్టీ విప్పడం మర్చిపోయి ఇంటికి వెళ్ళాను.

మా ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట అమ్మ యంత్రం ఉంటుంది. గుండ్రంగా, చిన్న డబ్బా అంత ఉంటుంది. చుట్టూ సూదులు, పక్కన చేత్తో తిప్పే పిడి. ఒక్కసారి తిప్పితే మేజోడు ఒక్క వరస పెరుగుతుంది. స్కూలు పిల్లల మేజోళ్ళు అమ్మ ఇరవై ఏళ్ళుగా ఆ యంత్రం మీదే అల్లుతోంది. ఏ వయసు పాదానికి ఎన్ని తిప్పులో గోడమీద అట్టముక్క మీద రాసిపెట్టి ఉంటుంది. అమ్మ ఆ అట్ట వైపు చూడగా నేనెప్పుడూ చూడలేదు. పక్కన పిడుగు పడినా లెక్క తప్పదు.

"దండకి ఏంటే అది? దెబ్బ తగిలిందా?" అంది పిడి తిప్పుతూనే.

తగిలిందని చెప్పినా బాగుండేది. నిజం చెప్పాను. పిడి ఆగింది.

"ఒకత్తి పోయింది చాల్లేదా? ఇప్పుడు నువ్వు బయల్దేరావా?"

"అమ్మా, ఇది సైన్యం కాదే. పెట్టెలు కట్టే పని."

"అది కూడా ఇలాగే అంది. కంప్యూటర్ పరీక్షంది. చివరికి నాకు ఎవరు చెప్పారు? గుమ్మంలో నిలబడి పోలీసాయన చెప్పాడు. 'మీ అమ్మాయి సైన్యానికి ఎంపికైంది, విచారణకొచ్చాం' అన్నాడు. కన్నదాన్ని నేనూ, కబురు వాడి నోట!"

అదీ అమ్మ బాధ. అక్క వెళ్ళినందుకు కాదు, చెప్పకుండా వెళ్ళినందుకు. నాన్న తలుపు పక్కన చెప్పులు విప్పుకుంటూ చెవులు రిక్కించి వింటున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. అమ్మకి తెలియకుండా అక్కతో మాట్లాడేది ఏదో ఒక భవనంలో లిఫ్టు మీదెక్కి. ఆ సంగతి అమ్మకి తెలుసు. అమ్మకి తెలుసని నాన్నకి తెలియదు.

"వచ్చే నెల కాక పై నెల ఇరవై నుంచి దానికి పదిరోజులు సెలవంట," అన్నాడు నాన్న గోడకి చెప్తున్నట్టు. "పిలిస్తే వస్తానంది. పిలవకపోతే క్యాంపులోనే ఉండిపోతుందంట."

"చెప్పకుండా పోయినదాన్ని నేను రమ్మని పిలవను," అంది అమ్మ. పిడి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

నాన్న నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి గొంతు తగ్గించాడు. "మీ అమ్మ మేజోళ్ళకి రోజుకి పాతిక మడమలు తిప్పుతుంది. మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్క మడమ తిప్పదు."

"వినపడుతోంది!" అంది అమ్మ ముందుగదిలోంచి.

రెండోవారంలో జనరల్ పచ్చికాయలందరికీ పనులు పంచింది. ఈసారి కొండల మీది కాపలా పోస్టుల నుంచి ఊలు మేజోళ్ళు కావాలని అడిగారు. బజారువి నాలుగు నడకలకే మడమ దగ్గర చిరుగుతున్నాయి. ఊలు దాత ఒకాయన ఇచ్చాడు, అల్లేవాళ్ళు లేరు. గదిలో అందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు. నా నోరు ఊరుకుంటుందా?

"మా అమ్మ అల్లుతుంది. నలభై జతలు," అన్నాను.

ఆ సాయంత్రం ఊలు బస్తా మోసుకుంటూ మెట్లెక్కాను. అమ్మ బస్తా వైపు చూసి, "తెచ్చినచోటే పెట్టేసిరా," అంది. నేను వాదించలేదు. సంచిలోంచి చిరిగిన బజారు మేజోడు ఒకటి తీసి బల్లమీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ దాన్ని వెలుతురుకేసి పట్టుకుని చూస్తోంది.

"దీన్ని మడమంటారా? ముంత కూడా ఇంతకన్నా నయం. ఎవడల్లాడో గానీ, వాడి కాళ్ళకి మడమలున్నట్టు లేవు."

"అందుకే చిరుగుతున్నాయంట. పాపం, మంచులో."

"ఎవరికివి?"

"తెలీదు. అడక్కూడదు. సొంతవాళ్ళకి అసలు పంపరు, అది నియమం."

అమ్మ చిరుగులోంచి వేలు దూర్చి చూసింది. "అలాగైతే సరే," అంది చివరికి. "నీ దళం కోసం కాదు. ఈ మడమ చూడలేక."

మూడువారాలు మా ఇల్లు ఊలు మిల్లే. పగలు స్కూళ్ళ పని, సాయంత్రం దళం పని. అమ్మ అల్లేది. నేను వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న కొసని సూదితో కుట్టి మూసి, జతలు కట్టేదాన్ని. మొదట్లో నేను కుట్టిన కొసలు చూసి, "వేళ్ళకా, మూటకా ఇది?" అని విప్పించేది. పదో జతకి విప్పించడం మానేసింది. నాన్న ఊలు ఉండలు చుడుతూ, ఒకరోజు మీసానికి ఊలు పోగు అంటించుకుని అలాగే పనికెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఎవరూ చెప్పలేదట. "లిఫ్టులో అందరూ కొత్తగా గౌరవంగా చూశారే," అన్నాడు. అమ్మ నవ్వి నవ్వి తిప్పులు మర్చిపోయి వరస విప్పాల్సి వచ్చింది. అమ్మ లెక్క తప్పడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"మగ పాదానికి ఎన్ని తిప్పులమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"అరవై. మడమ అయ్యాక అరవై, ఆ తర్వాత వేళ్ళు." అని చెప్తూనే పిడి తిప్పుతోంది. కళ్ళు కిటికీ బయట ఉన్నాయి. "మంచు బాగా పడుతుందా అక్కడ?"

"ఎక్కడ?"

"ఎక్కడైనా. ఈ మేజోళ్ళు పోయేచోట."

"మోకాలి దాకా పడుతుందంట."

"చిన్నప్పట్నించీ దానికి చలికి ముందు కాలివేళ్ళే నీలంగా అయ్యేవి," అంది. అని, నాలిక కరుచుకున్నట్టు గబగబా, "ఆ కత్తెర ఇటివ్వు, చూస్తూ కూర్చుంటే పనవుతుందా?" అని నామీద పడింది. అత్తమీద కోపం దుత్తమీద అని ఊరికే అన్నారా? నేను నోరు మూసుకుని కత్తెర ఇచ్చాను. నా జీవితంలో నోరు మూసుకున్న అతి కొద్ది సందర్భాల్లో అదొకటి.

నలభై జతలూ పూర్తయిన రోజు పెట్టెనెత్తుకుని దళం గదికి ఊరేగింపులా వెళ్ళాను. ఆరోజు సైనిక డిపో నుంచి స్టోర్ కీపర్ వచ్చాడు. పెద్ద మీసాలాయన, పొట్టమీద కాగితాలు బిగించిన పలక పెట్టుకుని సామాను రాసుకుంటాడు. ఆయన దగ్గర ఒక చెక్క పాదం ఉంది. మేజోళ్ళు ఏవొచ్చినా దానికి తొడిగి చూస్తేగానీ రాసుకోడు.

మొదటి మేజోడు చెక్క పాదానికి పూర్తిగా ఎక్కలేదు. మడమ వచ్చి అరికాలి మధ్యలో కూర్చుంది. రెండోది తీశాడు. అదీ అంతే. మూడు, నాలుగు, పది. జనరల్ లేచి వచ్చి పక్కన నిలబడింది. గదిలో టేపు చప్పుడు ఆగిపోయింది. ఎనభై మేజోళ్ళూ ఒకే కొలత. వెంట్రుకవాసి తేడా లేదు, ఒక్కటీ ఆ చెక్క పాదానికి పట్టదు.

"అల్లిక మాత్రం అద్భుతం," అన్నాడు మీసాలాయన మడమని బొటనవేలితో నొక్కుతూ. "ఈ మడమ చూడండి, పదేళ్ళు చిరగదు. కానీ ఎవరి కాలికమ్మా ఇది?"

నువ్వు గమనించలేదా అని మీరు అడుగుతారేమో. కాలు లేని మేజోడు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, పైగా పైభాగం బూటు దాటి పొడుగ్గా ఉంది. నేను కొసలు కుడుతూ కూర్చున్నానంతే. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం నాకు వెంటనే తెలిసిపోయింది. అది నా కాలు కాదు, నాది దానికంటే పెద్దది. అక్క మేజోళ్ళు నేను దొంగతనంగా వేసుకుని సాగదీసి ఎన్నిసార్లు దెబ్బలు తిన్నానో! ఆ కాలెవరిదో నాకు తెలుసు.

"మీ అమ్మగారు లెక్క తప్పినట్టున్నారు," అంది జనరల్, మెత్తగానే.

"మా అమ్మ లెక్క తప్పదు," అన్నాను.

పచ్చికాయ రాలిపోయినట్టే అనుకున్నాను. మీసాలాయన మాత్రం పలక మీద పాత కాగితాలు తిరగేస్తున్నాడు.

"మాకు అమ్మాయిలుండే పోస్టులు మూడున్నాయి. వాళ్ళకి ప్రతి ఏడూ మగవాళ్ళ సైజులే పోతాయి. మడతపెట్టి తాడు కట్టుకుని తొడుక్కుంటారు పాపం. అడిగిన కాగితం రెండేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఇవి అచ్చంగా వాళ్ళకి సరిపోతాయి." పెట్టె మూసేసి చేత్తో తట్టాడు. "నలభై జతలు. ముట్టినట్టు రాసుకుంటున్నాను."

జనరల్ నన్ను పక్కకి పిలిచింది. "ఆ మూడు పోస్టుల్లో మీ అక్క ఉందా?"

"నాకు తెలీదు. ఒట్టు. ఎక్కడుందో ఇంట్లో కూడా చెప్పదు, చెప్పకూడదంట."

"తెలియనంతవరకు నియమం తప్పినట్టు కాదు," అంది జనరల్. "తెలుసుకోకు."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాలా వద్దా అని గంటసేపు మింగలేక కక్కలేక తిరిగాను. తర్వాత చెప్పేశాను. అమ్మ నామీద విరుచుకుపడింది.

"చిన్నవా? ఏం మాట్లాడుతున్నావ్? నేను అరవై తిప్పాను!"

పక్కన యంత్రం మీద నమూనాగా మిగిలిన మేజోడు ఒకటుంది. అమ్మ దాన్ని బల్లమీద పరిచి, సూది మొనతో ఒక్కో వరస లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మొదట గట్టిగా లెక్కపెట్టింది. ముప్ఫై దాటాక గొంతు తగ్గింది. నలభై ఆరు దగ్గర వరసలు అయిపోయాయి. సూది అక్కడే ఆగింది.

నలభై ఆరు గోడమీద అట్టలో ఎక్కడా లేదు. అది ఏ వయసు సైజూ కాదు.

"ఈ యంత్రం పాతదైపోయింది," అంది అమ్మ సూది పక్కన పెట్టి. యంత్రం ఏం పాపం చేసిందో! తర్వాత నా మొహం చూడకుండా అడిగింది. "మడమలు బాగున్నాయన్నారా?"

"పదేళ్ళు చిరగవన్నారు."

"సరే," అంది.

మర్నాడు పొద్దున్నే మిగిలిన ఊలు ముందేసుకుని మగ సైజులు మొదలుపెట్టింది. ఈసారి మొదటి తరగతి పిల్లలా నోటితో గట్టిగా లెక్కపెడుతూ. "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై!" అని అమ్మ అరిస్తే, లోపల గడ్డం గీసుకుంటున్న నాన్న "శభాష్!" అనేవాడు. రెండోసారి నలభై జతలు కావుగానీ, ఇరవై రెండయ్యాయి. చెక్క పాదానికి అన్నీ పట్టాయి. నా దండకి పట్టీ పోయి జేబుకి బ్యాడ్జీ వచ్చింది. ఇంటికి తెస్తే అమ్మ దాన్ని తిప్పి చూసి, "పిన్ను వదులుగా ఉంది," అని బిగించి ఇచ్చింది.

మరుసటి నెల పదమూడో తారీఖు, అక్క సెలవుకి ఇంక వారమే. నాన్న ఆరోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. క్యాలెండర్ వైపు చూడనట్టు నటిస్తూ ప్రతి గంటకీ చూస్తున్నాడు. మధ్యాహ్నం అమ్మ ఫోను మోగింది. కొత్త నంబరు. ఊలు కొట్టువాడనుకుని అమ్మ ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, "ఆఁ, చెప్పండి, నల్ల ఊలు వచ్చిందా?" అంది.

అవతలి నుంచి ఏం వినపడిందో గానీ, పిడి మీది చెయ్యి అలాగే ఉండిపోయింది. అక్కేనని అర్థమై, అమ్మ ఫోను పెట్టేస్తుందని నాన్నా నేనూ ఒకేసారి లేచాం. పెట్టలేదు. వేళ్ళకి ఊలు చుట్టుకుని ఉంది, విడిపించుకోవడం రాక స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టింది. ఊలు వల్లే నొక్కిందో, మేం వినాలనే నొక్కిందో, ఇప్పటికీ చెప్పదు.

"...మేజోళ్ళొచ్చాయమ్మా," అంటోంది అక్క. వెనక గాలి హోరు. "ఎవరు పంపారో పెట్టెమీద లేదు. మడమ చూసి గుర్తుపట్టాను. ఇంకెవరు తిప్పుతారు అలాగ!"

అమ్మ వేళ్ళ మీది ఊలు లాగుతోంది.

"ఇక్కడ పన్నెండు మందిమి. అందరికీ అతికినట్టు సరిపోయాయి. మా వంటావిడైతే రాత్రిళ్ళు కూడా విప్పట్లేదు." అక్క ఆగింది. "నాకొక్కదానికే బిగుతుగా ఉన్నాయమ్మా."

"నీకా?" అంది అమ్మ. పదహారు నెలల తర్వాత మొదటి మాట. "నీకు బిగుతేంటి? నీకెలా బిగుతవుతాయి?"

"బరువు మోసి నడిచీ నడిచీ పాదాలు సాగాయంట. కొందరికి అలా అవుతుందంట. నా బూట్లు కూడా సైజు మార్చారు. మేజోట్లో వేళ్ళు ముడుచుకుపోతున్నాయి."

"ఎంత పెరిగింది?"

"నాకేం తెలుసు? ఒక వేలు మందం ఉంటుందేమో."

"ఎవరి వేలు? నీదా, నాదా? అడ్డంగానా, నిలువుగానా?" అమ్మ గొంతు లేస్తోంది. "కొలత చెప్పమంటే ఇదా చెప్పడం? వెడల్పెంతయింది? అరికాలు వంపు ఉందా, పోయిందా? ఫోన్లో పాదం కొలవడం నాకు రాదు! ఇరవయ్యో తారీఖని కదా మీ నాన్న ఆ గోడకి చెప్పింది? వచ్చి కాలు చూపించు!"

నాన్న కుర్చీలో కూలబడి మొహం మీద తువ్వాలు వేసుకున్నాడు. అవతల అక్క ఏడుస్తోందో, గాలే అలా వినపడుతోందో తెలియలేదు.

"బండి ఎన్నింటికి వస్తుందో ముందే చెప్పు," అంది అమ్మ. "ఈసారైనా నాకు నువ్వే చెప్పు. ఇంకెవడిచేతా చెప్పించకు."

"సాయంత్రం నాలుగింటికమ్మా. నేనే చెప్తున్నాను."

ఇరవయ్యో తారీఖు సాయంత్రం స్టేషన్లో మిత్రదళం తరఫున టీ కెటిల్ పట్టుకుని నిలబడ్డాను. సొంతవాళ్ళకి టీ ఇవ్వకూడదని నియమం లేదు కదా అని జనరల్ని ముందే అడిగి పెట్టుకున్నాను. అక్క నల్లబడింది, గట్టిపడింది, నా కప్పు తాగి "చక్కెర తక్కువ" అంది. ఇద్దరం ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలో లేదు. ముందుగదిలో నేలమీద న్యూస్‌పేపరు పరిచి, పక్కన పీట వేసి, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని కూర్చుంది.

"ఎలా ఉన్నావమ్మా?" అంది అక్క.

"బూటు విప్పు," అంది అమ్మ.

అక్క పీటమీద కూర్చుని పాదం కాగితం మీద పెట్టింది. అమ్మ చీలమండ పట్టుకుని, మడమ దగ్గర మొదలుపెట్టి, పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీయసాగింది. అక్కకి చక్కిలిగింత. కిలకిలా నవ్వుతూ కాలు లాక్కోబోయింది.

"కదలకు," అంది అమ్మ. "మళ్ళీ తప్పు రాకూడదు."

గీత చిటికెనవేలు చుట్టి, పక్కనుంచి వెనక్కొచ్చి, మడమ దగ్గర మొదలైనచోట కలిసింది. అమ్మ పెన్సిలు పక్కన పెట్టింది. కాలు మాత్రం వదల్లేదు.